బ్యాక్టీరియా చేసిపెడుతుంది, మడత మనమే పెట్టాలి

"బయాలజీనా? అది బైపీసీ వాళ్లది కదా!" మన క్యాంపస్‌లో ఈ మాట వినని వారం ఉండదు. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న రోజే ఆ తలుపు మూసేశాం అనుకుంటాం. కౌన్సెలింగ్‌లో బయోటెక్ సీటు వచ్చినవాణ్ణి చూసి "అయ్యో" అంటాం. ఆ "అయ్యో" అనవసరం అని నా అభిప్రాయం. ఎందుకో ఒక ఇంజెక్షన్‌తో చెప్తాను.

క్యాన్సర్‌కి కీమో ఇస్తే త్వరగా పెరిగే కణాలన్నీ దెబ్బతింటాయి, ఎముకల మూలుగలో పుట్టే తెల్లరక్తకణాలతో సహా. వాటిలో న్యూట్రోఫిల్స్ బాగా పడిపోతే చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. వాటిని తయారుచెయ్యమని మూలుగకి చెప్పే ప్రోటీన్ మన ఒంట్లోనే ఉంది. పేరు జీ-సీఎస్ఎఫ్. దాని జీన్‌ని ఈ-కోలి బ్యాక్టీరియాలో పెట్టి మందుగా తయారుచేయిస్తారు. ఫిల్‌గ్రాస్టిమ్ అనే ఈ మందుకి అమెరికాలో 1991లో అనుమతి వచ్చింది. 2001లో మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ దీన్ని 'గ్రాస్టిమ్' పేరుతో తెచ్చింది.

సీఎస్ఈ వాళ్లం కాబట్టి వెంటనే "డీఎన్ఏ అంటే కోడ్, బ్యాక్టీరియా అంటే కంప్యూటర్, రన్ చేస్తే సరి" అంటాం. సగం నిజమే. మంచి మేత, వెచ్చదనం ఉంటే ఈ-కోలి దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. లెక్క ప్రకారం 10 గంటల్లో 30 రెట్టింపులు. ఒకటి కాస్తా 107 కోట్లు!

కష్టమంతా మిగతా సగంలో ఉంది. అంత హడావిడిగా చేయిస్తే ప్రోటీన్ సరిగ్గా మడతపడదు, ముద్దకట్టి కూర్చుంటుంది. ప్రోటీన్ ఉంటుంది గానీ పని చెయ్యదు. ఆ ముద్దల్ని బయటికి తీసి, కరిగించి, చిక్కుపడ్డ దారం విప్పినట్టు విప్పి, మెల్లగా సరైన ఆకారంలోకి రానివ్వాలి. జీ-సీఎస్ఎఫ్‌లో 5 సిస్టీన్లుంటాయి. నాలుగు రెండు జతలుగా ముడిపడాలి, ఐదోది ఒంటరిగా ఉండాలి. జతలు తారుమారైతే అది మందు కాదు. తర్వాత బ్యాక్టీరియా పైపొర నుంచి వచ్చే ఎండోటాక్సిన్‌ని తీసెయ్యాలి, లేకపోతే మందే జ్వరం తెప్పిస్తుంది. చివరికి ల్యాబ్‌లో కణాల మీద వేసి, అవి నిజంగా పెరుగుతున్నాయా అని చూడాలి. మన భాషలో చెప్పాలంటే, కంపైల్ అయితే చాలదు, టెస్ట్ కేసులన్నీ పాసవ్వాలి.

"ఆల్ఫాఫోల్డ్ వచ్చింది కదా, 2024లో నోబెల్ కూడా ఇచ్చారు కదా" అంటారు. నిజమే. కానీ అది ప్రోటీన్ చివరికి ఏ ఆకారంలో ఉంటుందో చెప్తుంది. ట్యాంకులో దాన్ని ఆ ఆకారానికి ఎలా తేవాలో చెప్పదు. టెంపరేచర్, పీహెచ్, ఆక్సిజన్, కలిపే వేగం, ఇవన్నీ దగ్గరుండి పట్టుకోవాల్సినవి. సెన్సార్లు, కంట్రోల్ సిస్టమ్స్, డేటా. ఇది ఎవరి సబ్జెక్టు మరి?

1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్. 1997లో మన దేశంలోనే తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాని ఆ కంపెనీయే తెచ్చింది. అక్కడ వాడింది బ్యాక్టీరియా కాదు, ఈస్ట్. అన్నట్టు, మన క్లబ్బు వాళ్లకి నచ్చే విషయం ఇంకోటి: 'హాసం' పత్రిక వెనక ఉన్నదీ ఆయనే.

తయారుచెయ్యడంతో కథ అయిపోదు. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మా కొమరోలులో ఎండాకాలం 40 దాటడం మామూలే. మా వీధిలో ఒక పెద్దమ్మకి కీమో తర్వాత ఈ ఇంజెక్షన్లు రాశారు. వాళ్లబ్బాయి ఐసు డబ్బాలో పెట్టుకుని బస్సులో తెచ్చేవాడు. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. వేడికి మడత చెడినా, గడ్డకట్టి పాడైనా సీసాలో ఉన్నది నీళ్లలాగే కనిపించొచ్చు. పని చేస్తుందో లేదో చూసి చెప్పలేం. అంత దూరం, అంత ఖర్చు, అంత జాగ్రత్త, అంతా నమ్మకం మీదే.

అందుకే నేననేది, మినీ ప్రాజెక్టుకి ఇంకో అటెండెన్స్ యాప్ వద్దు. బయోటెక్ వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, మందు డబ్బాలో పట్టే చిన్న టెంపరేచర్ రికార్డర్ చేద్దాం. దారిలో ఎన్ని నిమిషాలు 8 డిగ్రీలు దాటిందో, ఎప్పుడు 2 కిందకి పోయిందో తెలుగులో చూపించాలి. కోడ్ మనం రాస్తాం. ఎంత వేడికి ఏ ప్రోటీన్ పాడవుతుందో వాళ్లు చెప్తారు. వాళ్లు లేకుండా అది మనవల్ల కాదు.