ఆ చిన్న దీపాలు చెప్పే సంగతి

పిల్లల ఆన్‌లైన్ పరీక్షలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, గల్ఫ్‌లో ఉన్న అబ్బాతో వీడియో కాల్... మన ఇళ్ళలో ఇప్పుడు ఇన్ని పనులు ఇంటర్నెట్ మీద ఆధారపడి ఉన్నాయి. అది ఆగిపోగానే చాలా ఇళ్ళలో చేసే మొదటి పని కేబుళ్ళన్నీ పీకి మళ్ళీ పెట్టడం. దాంతో లోపం ఎక్కడుందో తెలిపే ఆనవాళ్ళే చెరిగిపోతాయి. కాబట్టి కేబుల్‌ను ముట్టుకునే ముందు ఒక్క నిమిషం దీపాలను గమనించాలని ఈ నెల మనవి చేస్తున్నాము.

ఇంట్లోని రౌటర్‌కైనా, దుకాణంలోనో పాఠశాలలోనో ఉండే నెట్‌వర్క్ స్విచ్‌కైనా చాలావరకు ప్రతి పోర్టుకూ ఒకటి రెండు చిన్న దీపాలుంటాయి. దీపం నిలకడగా వెలిగితే కేబుల్‌కు రెండు వైపులా ఉన్న పరికరాలు ఒకదానినొకటి గుర్తించాయని అర్థం. మిణుకుమంటే సమాచారం వస్తూ పోతూ ఉందని అర్థం. అసలు వెలగకపోతే కేబుల్ ఊడి ఉండవచ్చు, తెగి ఉండవచ్చు, లేదా అవతలి పరికరం ఆగిపోయి ఉండవచ్చు.

అయితే దీపం వెలిగినంత మాత్రాన ఇంటర్నెట్ ఉన్నట్లు కాదు. అది ఆ ఒక్క కేబుల్‌కు మాత్రమే సాక్ష్యం. వీధిలో ఫైబర్ తెగిపోయినా, ఇంట్లో కంప్యూటర్‌కు, రౌటర్‌కు మధ్య దీపం వెలుగుతూనే ఉంటుంది.

రంగుల అర్థం అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. పరికరంతో వచ్చిన పుస్తకం చూడాలి. చాలా చిన్న స్విచ్‌లలో ఆకుపచ్చ రంగు 1000 మెగాబిట్ల వేగాన్ని, నారింజ రంగు 100 లేదా అంతకన్నా తక్కువ వేగాన్ని సూచిస్తాయి. కేబుల్ లోపల 8 సన్నని తీగలుంటాయి. 1000 వేగానికి ఆ ఎనిమిదీ కావాలి. 100కు 4 చాలు. ఎలుక కొరికి ఒక్క తీగ తెగినా వేగం 100కు పడిపోవచ్చు. ఆకుపచ్చగా వెలిగే పోర్టు నారింజకు మారితే, నెట్ కంపెనీని నిందించే ముందు కేబుల్ మార్చి చూడటం మేలు.

పాఠశాల కంప్యూటర్ గదిలో స్విచ్ దీపాలన్నీ ఒక్కసారిగా ఆగకుండా వేగంగా మిణుకుమంటూ, నెట్‌వర్క్ మాత్రం స్తంభించిపోతే, ఒకే కేబుల్ రెండు కొసలనూ ఎవరైనా అదే స్విచ్‌లో పెట్టారేమో వెతకాలి. అప్పుడు సమాచారం అందులోనే తిరుగుతూ దారినంతా ఆక్రమిస్తుంది. ఒక కొస తీసివేస్తే సరిపోతుంది.

ఫైబర్ కనెక్షన్ ఉన్నవారు ఆ పెట్టె మీద ‘ఎల్‌ఓఎస్’ అనే దీపాన్ని చూడాలి. అది ఎర్రగా వెలిగితే ఫైబర్ ద్వారా రావలసిన కాంతి చేరడం లేదన్నమాట. పెట్టెను ఎన్నిసార్లు ఆపి వేసినా తెగిన ఫైబర్ అతకదు, కంపెనీకి తెలపవలసిందే. ఊడిన ఫైబర్ కొసలోకి మాత్రం కన్ను పెట్టి చూడకూడదు, పిల్లలను చూడనివ్వకూడదు. అందులోని లేజర్ కాంతి కంటికి కనిపించదు గాని హాని చేయగలదు.

ఫోన్‌లో “నెట్ రావడం లేదు” అనడానికి బదులు “కేబుల్ దీపం వెలుగుతోంది, ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది” అని చెప్పండి. మరమ్మతుకు వచ్చేవారు తగిన పనిముట్లతో నేరుగా ఆ లోపం దగ్గరకే వెళ్తారు. పరీక్ష ఉన్న ఉదయం ఆ మాత్రం సమయం కలిసి రావడం చిన్న సంగతేమీ కాదు.