ఒక్క సాక్షితో తీర్పు చెప్పరాదు

మూత్రపు చుక్కలు ఆగనివారు వుజూ ఎలా చేయాలని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పెద్దలు తరచు అడుగుతుంటారు. ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ నమాజు ముగించేంత విరామం కూడా దొరకనివారు, హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం, ప్రతి నమాజు వేళకూ కొత్తగా వుజూ చేసుకుంటే చాలు. అయితే మస్‌అలా తెలిసినంత మాత్రాన రోగం కుదరదు. యాభై దాటిన పురుషునికి ఈ బాధ ఉంటే ప్రొస్టేటు గ్రంథిని పరీక్ష చేయించుకోవాలి. చాలామందిలో అది వయసుతోపాటు గ్రంథి పెరగడమే. కొందరిలో క్యాన్సర్ కావచ్చు.

వైద్యులు మొదట పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్ష వ్రాస్తారు. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటితే కుటుంబమంతా బెంబేలెత్తడం చూస్తుంటాము. కాని పి.ఎస్.ఎ. క్యాన్సర్ వల్లనే పెరగదు. గ్రంథి పెద్దదైనా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, ఇటీవల గొట్టం వేసినా పెరుగుతుంది. ఫినాస్టరైడ్ వంటి మాత్రలు దానిని సుమారు సగానికి తగ్గించి చూపుతాయి. కనుక వాడుతున్న మందులన్నీ వైద్యునికి చెప్పాలి. ఇన్‌ఫెక్షన్ ఉంటే నయమైన కొన్ని వారాల తరువాత పరీక్ష మళ్ళీ చేయించాలి.

ఖాజీ ఒక్క సాక్షి మాట విని తీర్పు చెప్పడు. ఇక్కడ రెండవ సాక్షి ఎం.ఆర్.ఐ. స్కానింగ్. అనుమానపు మచ్చలకు అందులో 1 నుండి 5 వరకు అంకెలు వేస్తారు. 1, 2 అయితే అనుమానం తక్కువ. 4, 5 అయితే ఎక్కువ. స్కానింగ్ గ్రంథి పరిమాణాన్నీ తెలుపుతుంది. పి.ఎస్.ఎ.ను ఆ పరిమాణంతో భాగిస్తే మరొక ఆధారం దొరుకుతుంది. పి.ఎస్.ఎ. 6 ఉన్న ఇద్దరిని తీసుకోండి. ఒకరి గ్రంథి 60 మిల్లీలీటర్లు, లెక్క 0.10. మరొకరిది 30, లెక్క 0.20. సాధారణంగా 0.15 దాటితే అనుమానం బలపడుతుంది. రక్తపరీక్ష అంకె ఒకటే అయినా ఇద్దరి స్థితి ఒకటి కాదు.

2018లో ప్రచురితమైన ప్రిసిషన్ అధ్యయనంలో 11 దేశాలకు చెందిన 500 మంది పాల్గొన్నారు. ముందుగా ఎం.ఆర్.ఐ. తీసినవారిలో నూటికి 28 మందికి బయాప్సీ అవసరమే కాలేదు. పైగా చికిత్స అవసరమయ్యే క్యాన్సర్ ఈ పద్ధతిలో నూటికి 38 మందిలో బయటపడగా, పాత పద్ధతిలో 26 మందిలోనే బయటపడింది.

అలాగని స్కానింగ్ బాగుంటే భయమే లేదనుకోరాదు. పి.ఎస్.ఎ. లెక్క ఎక్కువగా ఉన్నా, తండ్రికో సోదరునికో ఈ వ్యాధి వచ్చి ఉన్నా వైద్యుడు బయాప్సీ కోరవచ్చు. అప్పుడు కాదనకండి. క్యాన్సర్ ఉన్నదీ లేనిదీ నిర్ధారించేది ఆ ముక్క పరీక్షే. రక్తం పలచబరచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. తరువాత కొద్దిరోజులు మూత్రంలో రక్తపు చార కనిపించవచ్చు. చలిజ్వరం వస్తే మాత్రం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి.

సోదరులారా! హయా ఈమాన్‌లో భాగమే. కాని వైద్యుని ముందు అవసరమైనంత మేరకు సతర్ తొలగించడానికి షరీఅత్ అనుమతించింది. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. తండ్రి రాత్రి నాలుగైదుసార్లు లేస్తుంటే కుమారులు గమనించి, సిగ్గుపడక అడగాలి. కడపకో తిరుపతికో వెళ్ళవలసివస్తే పాత రిపోర్టులన్నీ వెంట తీసుకుని వెళ్ళి, “పి.ఎస్.ఎ., గ్రంథి పరిమాణం, ఎం.ఆర్.ఐ. మూడింటినీ కలిపి చూస్తే మీరేమంటారు?” అని వైద్యుని అడగండి. అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.