సగటు చాటున నెత్తుటి పోటు

ఉమ్మడి రాష్ట్రంల మనం ఎక్కువగా కొట్లాడింది సగటు లెక్కల మీదనే. కోస్తా కాల్వలను, మన ఎండిన చెర్లను ఒక్క సంచిల పోసి ‘రాష్ట్ర సగటు’ అన్నరు. ఆ సంచిని మనమే చింపినం. 2014ల రాష్ట్రమొచ్చింది. సగటు మాత్రం పోలే. ఇప్పుడది మన ఒంటి మీదికొచ్చింది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడుండ్రి. తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లల్ల నూటికి 30 మంది అధిక బరువున్నరట. విప్పి చూస్తే పట్నాలల్ల 42, పల్లెలల్ల 24. అదే వయసోళ్లల్ల నూటికి 19 మంది ఉండాల్సిన బరువు కూడ లేరు. లావును, బక్కను కలిపితే వచ్చే ఆ సగటు ఒళ్లు ఏ ఆడబిడ్డది?

ఇంకో ముచ్చట. ఆంధ్రప్రదేశ్‌ల ఆడవాళ్లల్ల అధిక బరువు నూటికి 36, మనకన్న ఎక్కువ. బీపీ మాత్రం అక్కడ 25, ఇక్కడ 26. మగవాళ్లల్ల అక్కడ 29, ఇక్కడ 31. బరువు పోయిన తొవ్వలనే బీపీ పోతలేదన్నట్టు. ‘తిని కూసుంటున్నరు, నడవుండ్రి’ అని టీవీలల్ల సుద్దులు చెప్పేటోళ్లు దీనికేమంటరు? బీపీకి బరువొక్కటే కారణం కాదు. ఉప్పుంది, పొగాకుంది, మందుంది. అదే సర్వేల మందు తాగే మగవాళ్లు ఆంధ్రల నూటికి 23, మనకాడ 43! మందు బీపీని పెంచుతదని వైద్యశాస్త్రం ఎన్నడో తేల్చింది. మొత్తం పాపం మందుదే అనను. కాని సర్కారు దందా చూడుండ్రి. వైన్ షాపు డ్రాల చిట్టీ వెయ్యాలంటే 2023ల 2 లక్షలు, 2025ల 3 లక్షలు. షాపు రాకుంటె పైసలు వాపస్ రావు. గల్లాపెట్టె నింపేది ఆబ్కారీ, బీపీ గోలీలు పంచేది ఆరోగ్య శాఖ. రెండూ ఒక్క సర్కారే.

తిండి సంగతి. 1983 నాటి రెండు రూపాయల బియ్యం ఆకలి తీర్చింది, కాదనం. జొన్న, సద్ద, తైదలు మాత్రం కంచం నుంచి జరిగిపోయినయి. 2013ల ఆహార భద్రత చట్టం తెచ్చినప్పుడు ముతక ధాన్యాలు కిలో రూపాయికే ఇయ్యాలని రాసిన్రు. 2025 ఉగాదికి రేషన్ల సన్నబియ్యం వచ్చింది. పేదోడు సన్నన్నం తింటే ఓర్వలేక అంటలేను. ఆ బియ్యం పక్కన జొన్న సంచి ఎందుకు లేదని అడుగుతున్న. జొన్నరొట్టె ఇప్పుడు పట్నం హోటళ్లల్ల షోకు తిండి. పండించినోడికే అందుతలేదు!

నైట్ షిఫ్టు చేసే పోరనికీ, సిరిసిల్లల సాంచె కాడ నిలబడే కార్మికునికీ ఒక్కటే సలహా చెప్తే సరిపోదు. అసెంబ్లీల ఆబ్కారీ ఆమ్దాని చదివే మంత్రి, అదే పేజీల మండలాల వారీగ బీపీ రోగుల లెక్క చదవాలె. ఏ మండలంల ఎన్ని బెల్టు షాపులున్నయి, దవఖానల ఎన్ని బీపీ గోలీలు పోతున్నయి, పక్కపక్కన అచ్చెయ్యాలె. ఉద్యోగ సంఘాలు, విద్యార్థి సంఘాలు ముందుగాల ఈ కాయితం అడుగుండ్రి.