పిల్లాడి గదికి వేరే ఫ్రిజ్ ఎందుకండీ?

ఫోన్‌లో వస్తువులు చూసే అలవాటున్న అమ్మలందరికీ ఈపాటికి అది కనబడే ఉంటుంది. మన పోపులడబ్బాలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో అంత ఉంటుంది. గులాబీ రంగు, లేతాకుపచ్చ, కొన్నయితే అచ్చం కూల్‌డ్రింక్ టిన్ను ఆకారమే. ముందు తలుపు, దానికో బుల్లి పిడి, లోపల లైటు. నాలుగు లీటర్లు పడుతుందట, అంటే ఆరు టిన్నులు. పేరు మినీ ఫ్రిజ్. పిల్లల గదిలో మంచం పక్కన పెట్టి ఫొటో తీస్తారు, పడుకున్నవాడు చెయ్యి చాపితే అందేలాగా. ధర మూడు వేల నుంచి ఆరేడు వేల దాకా ఉంది.

ఇది మా వరికుంటపాడు దాకా వచ్చేసింది. మా బంధువుల్లో ఒకావిడ, నాకు వదిన వరస, పదో తరగతికొచ్చిన కొడుకు పుట్టినరోజుకి కొందామనుకుంటోంది. "వద్దు వదినా" అన్నాను. "ఎందుకు వద్దో చెప్పు మరి" అంది. ఫోన్‌లో చెప్పింది చాలలేదనిపించి ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎవరైనా కార్ట్‌లో పెట్టుకుని ఉంటే మీకోసం కూడా.

ముందు ఆ డబ్బా సంగతి చూద్దాం. దాన్ని ఫ్రిజ్ అనడమే నాకు ఒప్పుదల కాదు. మన ఇళ్ళలో ఫ్రిజ్‌కి వెనక కంప్రెసర్ ఉంటుంది, గ్యాస్ ఉంటుంది. చలి చాలేదాకా తిరిగి, చాలాక ఆగిపోతుంది. ఈ బుల్లివాటిలో ఎక్కువ వాటికి కంప్రెసరే లేదు. పెల్టియర్ అనే ఫ్రెంచాయన 1834లో కనిపెట్టిన ఒక సూత్రం మీద నడుస్తాయి. రెండు వేరు వేరు పదార్థాలు అతికిన చోట కరెంటు పారిస్తే ఒక పక్క చల్లబడుతుంది, ఇంకో పక్క వేడెక్కుతుంది. ఆ వేడిని ఒక చిన్న ఫ్యాను బయటికి తోస్తుంది. బయటికంటే ఎక్కడికి? పిల్లాడి గదిలోకే. ఆ ఫ్యాను రాత్రంతా గుయ్‌మంటూనే ఉంటుంది.

వివరాల్లో బాగా కిందికి వెళ్తే ఒక మాట రాసి ఉంటుంది: బయటి వేడి కంటే 15 నుంచి 20 డిగ్రీలు తక్కువకి చల్లబరుస్తుందని. ఏసీ గదిలో కూర్చుని రాసినవాళ్ళకి అది చాలు. మే నెలలో మా ఉదయగిరి వైపు ఎండ ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. గదిలో 38 ఉందనుకోండి. అందులోంచి 18 తీసెయ్యండి. మిగిలేది 20. దానికంత హంగామానా! మావైపు గాలి పొడి గాలి. కుండ బాగా చెమరుస్తుంది, ఆ చెమ్మ ఆరేటప్పుడు లోపలి వేడిని లాక్కుపోతుంది. నీళ్ళు గొంతుకి హాయిగా ఉంటాయి, ప్లగ్గుతో పనిలేదు.

ఇక కరెంటు. ఇట్లాంటివి 50 వాట్లకి అటూ ఇటూ తింటాయి. పెద్ద ఫ్రిజ్‌లాగా ఆగి ఆగి కాదు, చాలావాటిలో ఆపే ఏర్పాటే ఉండదు. రోజంతా నడిస్తే 1.2 యూనిట్లు. నెలకి 36. ఏడాదికి 438. ఇప్పుడు మీ వంటింట్లో 190 లీటర్ల ఒంటితలుపు ఫ్రిజ్ మీద అంటించిన స్టార్ల కాగితం చూడండి. ఏడాదికి 200 యూనిట్లకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఇంటిల్లిపాదీ పాలూ పెరుగూ కూరగాయలూ దాచే దానికి 200, ఆరు టిన్నులకి 438. ఈ లెక్క చూపిస్తే మా వదిన "కడతాంలే" అంది. కట్టగలరు కూడా. అందుకే ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను.

ఆ ఆరు టిన్నుల సంగతి మాత్రం వదలను. ఆ అబ్బాయి అందులో మజ్జిగ పెట్టుకోడు. డబ్బా ఆకారమే టిన్ను ఆకారం అయినప్పుడు ఏం పెట్టాలో అదే చెప్తోంది కదా. 300 మిల్లీలీటర్ల కోలాలో 32 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. మన చెంచాతో ఎనిమిది చెంచాలు. రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. అదీ పెద్దవాళ్ళ లెక్క. ఒక్క టిన్నుతోనే రోజు దాటిపోయింది. ఇరవై రూపాయలకి బంకుల్లో కూడా దొరికే ఎనర్జీ డ్రింకుల సీసా తిప్పి చదవండి. పిల్లలకీ గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ ఇది తగదని దాని మీదే అచ్చువేసి ఉంటుంది. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయనుకోండి, అది వేరే సంగతి. అయినా పదో తరగతి పిల్లలు దాన్ని చదువుకోవడానికి పనికొస్తుందని తాగుతున్నారు.

"నేను అట్లాంటివి పెట్టనిస్తానా, మంచివే పెడతా" అంటారు మీరు. ఏది మంచిదో మనకి తెలియనిస్తున్నారా? హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడింది దీని గురించే. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని మందుల షాపుల్లో చక్కెర నీళ్ళు అమ్ముతున్నారని, విరేచనాలతో నీరసించిన పిల్లలకి తల్లులు మందనుకుని అవే పట్టిస్తున్నారని ఆవిడ మొత్తుకున్నారు. అసలు ఓఆర్ఎస్‌లో లీటరు నీళ్ళకి 13.5 గ్రాముల గ్లూకోజు, కొలిచినట్టు ఉప్పూ ఉంటాయి. వాటిలో చక్కెర అంతకి ఎన్నో రెట్లు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ మాట పానీయాల పేర్లలో వాడకూడదని ఆదేశం ఇచ్చింది. ఒక్క డాక్టరమ్మ అన్నేళ్ళు తిరగాల్సి వచ్చింది. పొద్దున్నే క్యారేజీలు సర్దే మనం ప్రతి సీసా వెనకా చదివి, మంచీచెడూ తేల్చి, కొడుకు గదిలో సర్దుతామా?

ఇదంతా సరే, నాకు అసలు బాధ వేరే.

ఫ్రిజ్ వంటింట్లోనో హాల్లోనో ఉంటే దాని దగ్గరికి అందరూ రావాలి. వచ్చినవాళ్ళని మనం చూస్తాం. ఎవరు అన్నం తినకుండా చల్లటి నీళ్ళతో కడుపు నింపుకుంటున్నారు, ఎవరికి మొహం పీక్కుపోయింది, ఎవరు రాత్రి రెండింటికి కూడా మేలుకుని ఉన్నారు, ఇవన్నీ మనకి తెలిసేది ఆ తలుపు చప్పుడుతోనే. ఇంకో మాట చెప్తాను, భయపెట్టడానికి కాదు. చిన్నపిల్లల్లో షుగరు జబ్బు మొదలైనప్పుడు ముందు కనబడే గుర్తుల్లో ఒకటి ఆగని దాహం, మాటిమాటికీ బాత్రూముకి వెళ్ళడం. మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు బాధ ఉంది, చాలా ఇళ్ళలో తాగడానికి ప్లాంటు నీళ్ళ క్యాన్లే. ఇరవై లీటర్ల క్యాను మామూలు కంటే ముందే అయిపోతే ఇల్లాలికి ఇట్టే తెలుస్తుంది. గది తలుపు మూసుకుని, లోపల తన డబ్బా తాను తెరుచుకునే పిల్లాడి దాహం ఎవరు లెక్కపెడతారు?

అసలు మా వైపు పిల్లలకి వేరే గది అన్నదే మొన్న మొన్న వచ్చింది. అదీ చాలా ఇళ్ళలో అబ్బాయికే. మా వదిన వాళ్ళింట్లో కూడా అంతే. పాప ఏడో తరగతి, హాల్లో నాయనమ్మ పక్కన పడుకుంటుంది. క్యాన్‌లోంచి సీసాలు పట్టి ఫ్రిజ్‌లో పెట్టే పని ఇప్పటికే ఆ పాపది. రేపు అన్న గదిలో డబ్బా వస్తే "మేయ్, అన్న డబ్బాలో కూడా రెండు పెట్టమ్మా" అని ఎవరికి చెప్తారు? చల్లటి నీళ్ళు అన్నకి, మోత చెల్లికి. దీన్ని బహుమతి అంటే నేనొప్పుకోను. ఒకరికిచ్చే బహుమతి ఇంకొకరికి చాకిరీ అవుతుంటే దాని ధర మూడు వేలు కాదు.

మేం చదువుకున్న కావ్యాల్లో ప్రపాపాలిక అని ఒక మాట ఉంది. చలిపందిట్లో కూర్చుని బాటసారులకి నీళ్ళు పోసే ఆడమనిషి. కవులు ఆవిడ అందం వర్ణించారు కానీ అన్ని కుండలు ఎవరు మోశారో చెప్పలేదు. అయినా ఆ పందిట్లో ఒక మర్యాద ఉంది. ఇప్పటికీ వేసవిలో మన బస్టాండ్ల దగ్గర చలివేంద్రాలు పెడతారు కదా, కుండ మూత మీద గ్లాసు బోర్లించి. ఎవరు వచ్చినా తాగొచ్చు. ఆ ఊళ్ళలో పుట్టిన పిల్లాడికి చల్లటి నీళ్ళంటే తలుపేసుకుని ఒక్కడే తాగేవని మనమే నేర్పుతున్నాం.

వదిన మాట కూడా చెప్పకపోతే అన్యాయం. "మా చిన్నప్పుడు ఇంట్లో ఫ్రిజ్ లేదు. నాయనకి జ్వరమొస్తే ఐసు ముక్కల కోసం గిన్నె పట్టుకుని పక్కింటికి పొయ్యేదాన్ని. వాళ్ళు ఇచ్చేవాళ్ళే గానీ మొహం అదోలా పెట్టేవాళ్ళు. నా కొడుక్కి అట్టాంటిది ఏదీ ఉండకూడదు" అంది. ఆ మాటకి నా గొంతు పట్టేసింది. ఆ గిన్నె నాకూ తెలుసు. కానీ వదినా, ఆ అవమానం నీ ఇంట్లో ఫ్రిజ్ కొన్నరోజే తీరిపోయింది. నీ కొడుకు పక్కింటికి వెళ్ళక్కర్లేదు. పది అడుగులు వేసి మన వంటింట్లోకి రావాలి, అంతే. చదువుకుంటూ మధ్యలో లేచి నడిస్తే పరీక్ష పోదు, మెడ నొప్పి తగ్గుతుంది.

ఇన్సులిన్ వాడే పిల్లలున్న తల్లులు ఈ డబ్బా దానికి పనికొస్తుందా అని ఆలోచిస్తుంటారు. దయచేసి దాన్ని నమ్ముకోకండి. తెరవని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి. మన ఎండల్లో ఇది అంత కిందికి రాదని పైన లెక్క చూశారుగా. ఇంటి ఫ్రిజ్‌లో, ఐసు గదికి తగలకుండా పెట్టుకోండి.

ఇప్పటికే కొనేసినవాళ్ళు పారెయ్యమని అనను. హాల్లోకి మార్చండి. మజ్జిగ సీసా, నిమ్మకాయ నీళ్ళు పెట్టుకోండి. నిమ్మకాయలకి మన గూడూరు, పొదలకూరు ఉండగా లోటేముంది. రాత్రి ప్లగ్గు పీకెయ్యండి. లోపల తేమ చేరి వాసనొస్తుంది, వారానికోసారి తుడవాలి. తుడిచేది, నింపేది అబ్బాయే. పాపని పిలవకండి.