ముందే చెప్పిన మాట

మొన్నటి పరీక్షలో ఇంగ్లీషు వ్యాసంలో నేనో పెద్ద మాట వాడాను: ‘ప్రెసియెంట్లీ’. మా నాన్న విత్తనపు శనక్కాయల్ని ఒలవకుండా జాగ్రత్తగా దాచి ఉంచుతాడని చెప్పడానికి. మాష్టారు దాన్ని కొట్టేసి, ఎర్రసిరాతో ‘ప్రావిడెంట్లీ’ అని రాశారు.

మార్కు పోయిందని కోపం వచ్చింది. నిఘంటువు తిరగేస్తే మాష్టారే రైటని తేలింది. రెంటినీ మనం ‘ముందుచూపుతో’ అనే అంటాం. కాని తేడా ఉంది. రేపటికని దాచడం ప్రావిడెంట్లీ. ప్రావిడెంట్ ఫండు పేరు అందులోదే. రేపు జరగబోయేది ముందే గ్రహించడం ప్రెసియెంట్లీ. లాటిన్‌లో ‘ప్రే’ అంటే ముందు, ‘స్కిరే’ అంటే తెలియడం. మన ‘సైన్సు’ పుట్టిందీ ఆ ‘స్కిరే’ నుంచే!

కెమిస్ట్రీ చదివేవాళ్ళకు మెండలీవ్ గుర్తొస్తాడు. 1871లో ఆయన తన పట్టికలో సిలికాన్ కింద ఖాళీ ఉంచి, అక్కడికి రాబోయే మూలకం పరమాణు భారం సుమారు 72 అన్నాడు. 1886లో జెర్మేనియం దొరికింది, భారం 72.6. ఆయన ప్రెసియెంట్లీ చెప్పాడని ఇప్పుడు రాస్తాం. అదే మెండలీవ్ తర్వాత ఈథర్‌ను కూడా హైడ్రోజన్ కన్నా తేలికైన మూలకమన్నాడు. అది తప్పింది. అక్కడ ఆ మాట ఎవరూ వాడరు.

అంటే ఇది నిజమయ్యాక ఇచ్చే సర్టిఫికెట్టు. చెప్పిన రోజున ఎవరికీ దక్కదు. మరి ఆ రోజున మనం చెయ్యగలిగిందేమిటి? ‘ఎందుకలా అంటున్నావు?’ అని అడగడం. జాతకానికీ సైన్సుకీ తేడా ఆ కారణంలోనే ఉందని నా అభిప్రాయం.

మూడేళ్ళ కిందట మా చిన్నాన్న రెండో బోరు వేయిద్దామన్నాడు. ‘చుట్టుపక్కల బావులన్నీ ఎండిపోతున్నాయి. ఇంకా లోతుకు పోతే నీళ్ళు రావు, అప్పు మిగుల్తుంది’ అన్నాడు నాన్న. పిరికితనమనుకున్నాం. సైన్సు చదివే నేను కూడా చిన్నాన్న పక్షమే. కారణం ఆయన చెప్తూనే ఉన్నాడు, నేను వినలేదు. రెండో ఎండాకాలానికి బోరు ఎండింది. అప్పు ఇంకా తీరలేదు. ‘అన్న అప్పుడే చెప్పినాడు’ అని ఇప్పుడు చిన్నాన్నే అంటాడు.

వచ్చే పరీక్షలో ఆ మాట మళ్ళీ మా నాన్నకే వాడతాను, విత్తనాలకు కాదు, బోరుకు. ఈసారి మాష్టారు కొట్టెయ్యరు. కాని ఆ మాట రాసేటప్పుడు నాకు గర్వం కన్నా సిగ్గే ఎక్కువ వేస్తుంది.