పేరు తెలియని జబ్బు పక్కన



"అయ్యగారూ, అమ్మగారికి ఎలా ఉందండీ?" అని రెండు నెలలుగా మీరు అడుగుతున్నారు. ఒక్క మాటలో చెప్పే జవాబు నా దగ్గర లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఇలాంటి ఇల్లు మన సంఘాల్లో మాది ఒక్కటే కాదు.

మొదట తలనొప్పి. తెల్లవారి లేవగానే వచ్చేది, దానితో వాంతులు. తర్వాత కుడి చేతిలో పట్టు తప్పి చెంబు జారిపోయేది. ఒక ఆదివారం పాట పాడుతూ మధ్యలో మాట దొరక్క ఆగిపోయింది. ఆర్‌ఎంపీ డాక్టరు ముందు గ్యాస్ అన్నారు, తర్వాత నరాల బలహీనత అని బలానికి ఇంజెక్షన్లు చేశారు. వీధిలో వాళ్లు గాలి సోకిందన్నారు. ఒక విశ్వాసి నన్ను పక్కకు పిలిచి, "ఇంట్లో ఒప్పుకోని పాపం ఏమైనా ఉందేమో చూసుకోండి అయ్యగారూ" అన్నాడు.

ఇక నా తప్పు చెప్పాలి. పెద్దాసుపత్రికి తీసుకెళ్లడానికి నేను మూడు వారాలు ఆలస్యం చేశాను. చేతిలో డబ్బు లేక కాదు. స్వస్థత గురించి ప్రసంగించే పాస్టరు తన భార్యను స్కానింగుకు తీసుకెళ్తే జనం ఏమనుకుంటారోనని భయపడ్డాను. ఉపవాసం ఉన్నాను, తలమీద చేతులుంచి ప్రార్థించాను. ఆ ప్రార్థనలో సగం ఆమె కోసం, సగం నా పరువు కోసం. ఒక రాత్రి ఆమె అడిగింది: "ఏమండీ, ఇది జబ్బేనా, నేనే ఊహించుకుంటున్నానా?" మర్నాడు మొదటి బస్సు ఎక్కాం.

సీటీ స్కానులో మెదడుకు ఎడమవైపు ఒక మచ్చ కనబడింది. కణితి కావచ్చన్నారు. ఎమ్మారై గదిలోకి లోహపు వస్తువులు వెళ్లకూడదని పిన్నీసులు, గొలుసు, పెళ్లి ఉంగరం తీయించి నా చేతికిచ్చారు. లోపల ఆ యంత్రం మోత వినబడుతుంటే, ఉంగరం పిడికిట్లో పట్టుకుని బల్లమీద కూర్చున్నాను. రిపోర్టు వచ్చినా సందేహం తీరలేదు. క్షయ వల్ల కూడా మెదడులో గడ్డ కడుతుందట. బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోతే, ఆ పురుగు పిల్లలు మెదడుకు చేరినా మచ్చలు వస్తాయట. మన దేశంలో ఈ రెండూ ఉన్నవే. స్కానులో ఒక్కోసారి కణితిలాగే కనబడతాయి. కాబట్టి రక్తపరీక్షలు, మందులు, మళ్లీ స్కాను, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్ష. అంతవరకు ఆ మచ్చకు పేరు లేదు.

ఈ రోజుల్లో నాకు అర్థమైంది ఒకటే. జబ్బుకు పేరు పెట్టే పని డాక్టర్లది, రోగి పక్కన నిలబడే పని మనది. మనం మాత్రం పేరు పెట్టడానికే తొందరపడుతున్నాం: గాలి, శాపం, పాపం, అల్పవిశ్వాసం.

యోబు స్నేహితులను చూడండి (యోబు 2:13). ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు విప్పకుండా అతనితో నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పరిచర్య అదే. నోరు తెరిచి కారణం చెప్పడం మొదలుపెట్టాక అంతా చెడింది, చివరికి దేవుని కోపానికి గురయ్యారు. పక్షవాతం ఉన్న మనిషిని మంచంతో మోసిన నలుగురి పేర్లు మార్కు 2వ అధ్యాయంలో లేవు. వాళ్లేం మాట్లాడారో కూడా లేదు. మోశారు, ఇంటి కప్పు విప్పారు, దించారు. ప్రభువు చూసిన విశ్వాసం అదే. హిజ్కియా ప్రార్థన విన్న దేవుడే తన ప్రవక్త నోట అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టించాడు (2 రాజులు 20:7). స్కానింగు అవిశ్వాసం కాదు. "మాత్రలు మానేస్తేనే విశ్వాసం" అని చెప్పేవారిని మన సంఘాల్లో మాట్లాడనివ్వకూడదు. మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి మానితే ప్రాణానికే ముప్పు.

భర్తలారా, భార్యలారా, ఒక నోటుపుస్తకం పెట్టండి. తలనొప్పి ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, ఏ చెయ్యి తడబడింది, ఏ మాట దొరకలేదు, అన్నీ రాయండి. డాక్టరు ముందున్న ఐదు నిమిషాల్లో రోగికి అవి గుర్తురావు. మీరే ఆమెకు సాక్షి. మా ఇంట్లో ఒక సాయంత్రం మూర్ఛ వచ్చినప్పుడు పక్కింటివాళ్లు తాళాల గుత్తి చేతిలో పెట్టారు. దానితో ఏమీ జరగదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏదీ పెట్టకండి, వీలైతే ఫోనులో వీడియో తీయండి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

సంఘస్థులారా, "ఏమని తేలింది?" అని రోజూ అడగకండి. "రేపు బస్టాండుకు బండిమీద నేను దింపనా?" అని అడగండి. మొన్న ఒక అమ్మ ఏమీ మాట్లాడకుండా అన్నం క్యారియరు గుమ్మంలో పెట్టి వెళ్లింది. ఆ రోజు నేను విన్న ప్రసంగం అదే.

మళ్లీ స్కాను వచ్చే నెలలో. ఆమె ఇప్పుడు ఎడమ చేత్తో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఉంగరం వేలికి తొడిగాను. ఆ మచ్చ ఏమిటో ప్రభువుకు తెలుసు, మాకింకా తెలియదు. తెలిసేదాకా నేను పక్కనే ఉంటాను. మీరూ ఉండండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.