సైనికుడా, ఆటగాడా?

చీనాదేశపు వృత్తి బాస్కెట్‌బాల్ పోటీలలో ఎనిమిది మారులు విజేతగా నిలిచిన బాయి జట్టు, 2020 అక్టోబరులో క్రొత్త పోటీలు ఆరంభమైనప్పుడు తన మొదటి ఆటకు రానేలేదు. ఆ జట్టు పోటీలనుండి తొలగినదని నిర్వాహక సంఘమువారు ఆ నెల 20వ తేదీన ప్రకటించిరి. ఆటలో ఓడి తొలగుట వేరు, పైవారి యుత్తరువుచే ఒకనాడు మాయమగుట వేరు. బాయి జట్టు చీనా సైన్యమునకు చెందినది; అందలి ఆటగాండ్రందరును సైనికులే. జట్టు పోయినందుకు మేము విచారించుటలేదు. కాని అది జీవించినన్నాళ్లును ఆటగానికిని సైనికునికిని నడుమ ఒక వ్యాజ్యము తీర్పులేక నిలిచియుండెను. దానిని గూర్చి చదువరులతో నాలుగు మాటలు చెప్పదలచితిమి.

బాయి యనగా ఎనిమిది, ఒకటి. అనగా ఎనిమిదవ నెల మొదటి తేది. 1927 ఆగస్టు 1వ తేదీన నాన్‌చాంగ్ నగరమున కమ్యూనిస్టులు కొమింటాంగుపై తిరుగబడిరి. ఆ దినమునే చీనా సైన్యము తన జన్మదినముగా జరుపుకొనును. ఆనాటి నాయకులలో హ లుంగ్ ఒకడు. జపానుతో యుద్ధము జరుగుచుండగా తన 120వ డివిజనులో బాస్కెట్‌బాల్ జట్టును పోషించినవాడతడే. 1952లో దేశ క్రీడాశాఖకు అధిపతి యైనవాడును అతడే. ఈ యాట 1895లో టియాన్‌జిన్ నగరపు క్రైస్తవ యువజన సంఘము మూలమున చీనాకు వచ్చినది. మతప్రచారకులు తెచ్చిన యాటను ఎర్రసైన్యము సొంతము చేసికొన్నది! ఇందు ఆశ్చర్యమున్నను కారణము సులభమే. ఒక బంతియు, రెండు కంబములును, చదునైన నేలయు నున్న చాలును. గుడారముల నడుమ సైతము ఆడుకొనవచ్చును. సైనికుల కాటను నేర్పిన హ లుంగును సాంస్కృతిక విప్లవము విడువలేదు. 1969లో ఆయన నిర్బంధములోనే మరణించెను.

వృత్తి పోటీలు 1995లో ఆరంభమయ్యెను. అప్పటినుండి వరుసగా ఆరేండ్లు విజయము బాయిదే. రాష్ట్రముల జట్లు తమ తమ యెల్లలలో పిల్లలను వెదకుకొనవలసియుండగా, సైన్యము దేశమంతట వెదకగలిగెను. ఎత్తరియైన బాలుడు ఏ మూలనున్నను సైన్యపు దుస్తులు తొడిగి తెచ్చుకొనగలిగెను. పూర్వము రెండు మీటర్ల ఇరువదియెనిమిది సెంటీమీటర్ల ఎత్తుగల మూ టియెజూ ఇట్టివాడే. తరువాత ప్రజలు యుద్ధదేవుడని పిలిచిన ల్యూ యూడుంగ్ వచ్చెను. ఆ వెనుక వాంగ్ జిజి వచ్చెను. మా వ్యాజ్యమున ప్రధానసాక్షి యీ వాంగే.

1999లో అమెరికాలోని డల్లస్ జట్టు ఇతనిని తమ ఎంపికలో నెన్నుకొన్నది. సైన్యము రెండేండ్లదాక పంపలేదు. 2001 ఏప్రిలులో పంపెను. అమెరికా మహాపోటీలలో ఆడిన తొలి చీనీయుడు అతడే. మరుసటి యేడు వేసవిలో జాతీయజట్టు శిక్షణకు రమ్మని పిలుపు వచ్చెను. అక్కడనే యుండి తన యాటను మెరుగుపరచుకొందునని అతడు రాలేదు. 2002 అక్టోబరులో అతనిని జాతీయజట్టునుండి వెళ్లగొట్టిరి. అదే నెలలో బూసాన్ ఆసియా క్రీడల తుదియాటలో చీనా దక్షిణ కొరియాచేత రెండే పాయింట్ల తేడాతో ఓడెను. వాంగ్ ఉండినచో గెలిచెడివారని మేము చెప్పము; ఆ మాట వీధి యరుగులపై చెప్పుకొనునది.

న్యాయస్థానములలో కాలము గడుపువారమగుటచే మాకొక భేదము తోచుచున్నది. ఒడంబడికను మీరినవాడు నష్టపరిహారము చెల్లించి విడుదల పొందును. సైనికుని ప్రమాణమునకట్టి విడుదల లేదు. పిలిచినప్పుడు రానివాడు ద్రోహియగును. యుద్ధమున నిది న్యాయమే. పిలుపును లెక్కచేయని సిపాయిని మేము సమర్థింపము. కాని గోలము గురిచూచి బంతి వేయుట యుద్ధమా? బాల్యమున చేసిన సంతకము ఇరువదియైదేండ్ల వయస్సున వాని చేతులను కాళ్లను కట్టివేయుట తగునా? షాంఘై నగరపు జట్టువాడైన యావ్ మింగు వ్యవహారము దీనికి ఎదురుగానున్నది. అతని విషయమున బేరసారములు జరిగెను, షరతులు వ్రాసికొనిరి, 2002లో అతడు వెళ్లెను. ఆ యేడే షాంఘై జట్టు బాయిని తుదిపోటీలో ఓడించెను. ఒకే దేశము, ఒకే ప్రభుత్వము. ఒకని ఒంటిపై సైనిక వస్త్రమున్నది, మరొకనికి లేదు. అంతే తేడా.

సైన్యము ఆటగాండ్రను పెంచుట తప్పని మా యభిప్రాయము కాదు. మిల్కాసింగు పరుగు నేర్చినది మన సికిందరాబాదు సైనికకేంద్రముననే. పేద యింటి బాలునకు తిండియు శిక్షణయు ఇచ్చు సంస్థను నిందించువారము కాము. పెంచినదానినంతను తనదే యనుట మాత్రము మా కంగీకారము గాదు.

వాంగ్ 2006లో తిరిగివచ్చి బహిరంగముగా క్షమాపణ చెప్పెను. ఆ యేడు దోహాలో ఆసియా స్వర్ణపతకము గెలిచిన జట్టులో నుండెను. మరుసటి యేడు బాయి గ్వాంగ్‌డుంగును ఓడించి ఎనిమిదవ విజయము పొందెను. అదియే కడపటిది. ఇతర జట్లు ధనము పోసి అమెరికనులను తెచ్చుకొనుచుండెను. స్టెఫాన్ మార్బరీతో బెయిజింగ్ జట్టు 2012, 2014, 2015లలో గెలిచెను. పరదేశికి చీనా సైనికుని దుస్తులెట్లు తొడుగుదురు? దేశజులతోనే ఆడెదమను బాయి నియమము గౌరవింపదగినదే. అయినను అది ఎంచుకొన్న నియమము కాదు, తప్పని నియమము. 2011 ఆగస్టులో బెయిజింగునందు జార్జిటౌన్ విద్యార్థులతో ఆట 64–64 వద్ద సమముగా నుండగా కొట్లాటయై నిలిచిపోవుట జట్టు కీర్తికి మరియొక దెబ్బ. 2015లో సైన్యమునుండి మూడులక్షలమందిని తగ్గింతుమని ప్రభుత్వము ప్రకటించిన పిదప, బంతియాటకు సిపాయిలెందుకను ప్రశ్న తప్పకుండెను. సైన్యపు ఫుట్‌బాల్ జట్టు అంతకు పూర్వము 2003లోనే పోయినది.

మూయుట తగును. మూసిన విధము తగదు. పెక్కేండ్లు నింగ్బో నగరమునను, చివరకు ఆగస్టు తిరుగుబాటు జరిగిన నాన్‌చాంగునందును టిక్కెట్టు కొని వచ్చిన ప్రజలకు ముందుగా చెప్పినవారు లేరు. ఆ చివరి దినములలో జట్టునకు ప్రధానశిక్షకుడు, ఒకప్పుడు పిలుపునకు రాలేదని వెళ్లగొట్టబడిన ఆ వాంగ్ జిజియే.